ఆదివారం వాక్యంలో రాజకీయం ఎంతవరకు?

2024 సార్వత్రిక ఎన్నికల షెడ్యూలు మార్చి 16న వెలువడింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ మే 13, సోమవారం. ఈ రెండు తేదీల మధ్య తొమ్మిది ఆదివారాలు వచ్చాయి. మార్చి 24 మట్టల ఆదివారం, 29 గుడ్ ఫ్రైడే, 31 ఈస్టర్. క్రిస్మస్, కొత్త సంవత్సరం పక్కన పెడితే ఏడాదిలో మందిరాలు కిటకిటలాడే రోజులన్నీ ఎన్నికల నియమావళి అమల్లో ఉండగానే గడిచాయి. ఆఖరి ఆదివారం మే 12. పోలింగ్ ముగిసే ముందు ప్రచారం పూర్తిగా ఆగిపోవాల్సిన 48 గంటల్లోనే అది పడింది. ఆ ఉదయం పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కిన ప్రతి బోధకుడి ఎదుటా తెల్లారితే ఓటు వేయబోయేవాళ్లే కూర్చున్నారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్రైస్తవ కుటుంబాల్లో ఎన్నికలొస్తే రేగే తగువు ఇక్కడే పుడుతుంది. పాస్టరుగారు రాజకీయం మాట్లాడారని ఒకరంటారు. ఆయన మాట్లాడకపోతే మన గోడు ఇంకెవరు చెబుతారని ఇంకొకరంటారు. ఈ తగువు తెగకపోవడానికి కారణం, మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే మూటలో కట్టేయడం. మొదటిది న్యాయం: భూమి, కూలి, తాగునీరు, శ్మశానానికి దారి, ఊళ్లో బెల్టు షాపు. రెండోది విధానం: ఆ న్యాయం జరగాలంటే ప్రభుత్వం ఏం చేయాలన్నది. నిజమైన భక్తి ఉన్న ఇద్దరి మధ్య కూడా ఇక్కడ రెండు అభిప్రాయాలు ఉండొచ్చు. మూడోది ఓటు: ఎవరికి, ఏ గుర్తుకు. మొదటిది వాక్యంలోదే (బైబిలులోదే), దాన్ని దాటవేసే బోధ సగం బోధ. రెండోది పుల్పిట్ మీద మొదలవ్వొచ్చు, అయితే వినేవాళ్లు మాట్లాడే చోట ముగియాలి. మూడోది ఆరాధనలోకి రానే కూడదు.

ఇంత గట్టిగా అనడానికి కారణం ప్రసంగం స్వభావంలోనే ఉంది. రచ్చబండ దగ్గర ఒకడు ఏదైనా అంటే పక్కవాడు లేచి కాదంటాడు. ప్రసంగానికి ఎదురు మాట ఉండదు. చెప్పేది దేవుని మాట అన్న బరువు దానికి ముందే ఉంటుంది, చివర ఆమెన్ అని అందరూ సంతకం పెట్టినట్టే. పైగా మందిరానికి ఓటర్లు విడివిడిగా రారు, ఇల్లంతా కలిసి వస్తుంది. చెవి సరిగా వినపడని నాయనమ్మ, అయిదో తరగతి పిల్ల, పేపరు చదివే డిగ్రీ కుర్రాడు, మందిరానికి రాని భర్తను ఒప్పించుకుని వచ్చే ఇల్లాలు. నలుగురికీ ఒకే మాట నాలుగు రకాలుగా తగులుతుంది. లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ ఆ నలుగురిలో ఎవరికీ నిజంగా లేదు.

ఎవరిని, ఎక్కడ అడగాలి

ఇక్కడి సంఘాలు ఒకే తీరువి కావు. 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టిన లండన్ మిషనరీ సొసైటీ తర్వాత విజయనగరం, శ్రీకాకుళాల్లో పనిచేసింది. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ బొబ్బిలి, పాలకొండ, పార్వతీపురం, టెక్కలి, సోంపేట దాకా విస్తరించింది. ఆ సంఘాలే నేటి సి.బి.సి.ఎన్.సి. (ఉత్తర సర్కారు బాప్టిస్టు సంఘాల సమాఖ్య). సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్లు ఉన్నారు. కథోలికులకు 1993లో శ్రీకాకుళం పీఠం (ఒక బిషప్ పరిధి) ఏర్పడింది. ఇక పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. రాజకీయ ప్రసంగం వల్ల జరిగే హాని ఆ సంఘం నడిచే పద్ధతిని బట్టి మారుతుంది. చాలామంది పట్టించుకోనిది ఇదే.

కథోలిక ఆలయంలో ఆదివారం పఠనాలు మూడేళ్ల చక్రంలో ముందే ఖరారై ఉంటాయి. ఫాదరుగారికి ఒక నాయకుడి మీద ఎంత కోపం వచ్చినా ఆ వారం సువార్తను మార్చలేరు. శ్రీసభ (కథోలిక సంఘం) చట్టంలోని 287వ నియమం గురువులు రాజకీయ పార్టీల్లో క్రియాశీలంగా పాల్గొనకూడదని చెబుతుంది. శ్రీసభ హక్కులు కాపాడటానికో, సమాజ మేలుకో అవసరమని పై అధికారి భావిస్తే తప్ప. 212వ నియమం విశ్వాసులు తమ అభిప్రాయాన్ని కాపరులకు చెప్పుకునే హక్కును గుర్తిస్తుంది. కాబట్టి అభ్యంతరం ఉన్న కుటుంబం ముందు విచారణ గురువుతో (తమ ఆలయ ఫాదరుగారితో) మాట్లాడి, తేలకపోతే పీఠాధిపతికి (బిషప్‌కు) ఉత్తరం రాయవచ్చు. అది తిరుగుబాటు కిందికి రాదు.

బాప్టిస్టు సంఘంలో వాక్యభాగాన్ని పాస్టరుగారే ఎంచుకుంటారు. అంత స్వేచ్ఛ ఉంది. దానికి తగ్గ పగ్గమూ ఉంది: ఆయన సంఘం పిలిస్తే వచ్చినవారు, డీకన్లు (సంఘ పరిచారకులు) ఉంటారు, సంఘ సమావేశం ఉంటుంది, మినిట్స్ పుస్తకం ఉంటుంది. ప్రశ్న అడగడానికి అక్కడ ఒక కుర్చీ, ఒక తేదీ దొరుకుతాయి.

అసలు చిక్కు స్వతంత్ర సంఘాల్లో. స్థలం పాస్టరుగారి పేరు మీద ఉంటుంది. ట్రస్టులో ఆయన, అమ్మగారు, కొడుకో తమ్ముడో సభ్యులు. వాక్యభాగం, కానుకల ఖాతా, మైకు, యూట్యూబ్ ఛానల్ అన్నీ ఒకరి చేతిలోనే. ఇలా ఉన్నంత మాత్రాన ఆయన చెడ్డవారని అర్థం కాదు. అర్ధరాత్రి రోగిని బండి మీద ఎక్కించుకుని రిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లే కాపరులు ఈ సంఘాల్లోనే ఎక్కువ కనిపిస్తారు. అయితే అలాంటి మనిషి ఫలానా పార్టీ మంచిదంటే, ఆ మాటకు ఋణభారం తోడవుతుంది. కాదనడం కృతఘ్నతలా అనిపిస్తుంది. ఈ సంఘం సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే బైలాస్ ఉంటాయి, ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి. ఎన్నికలు లేని ఏడాదిలోనే ఆ బైలాస్ కాపీ అడిగి చదువుకోవడం మేలు. ఎన్నికల నెలలో అడిగితే అదే ఒక పక్షం పట్టినట్టు కనబడుతుంది.

డబ్బు సంగతీ ఇక్కడే చెప్పాలి. పాస్టర్లకు నెలకు ₹5,000 గౌరవ వేతనం రాష్ట్ర ప్రభుత్వ పథకం. అది ప్రజల ఖజానా నుంచి వచ్చేది, ఏ పార్టీ జేబు నుంచీ కాదు. పుల్పిట్ మీద దానికి కృతజ్ఞత చెప్పడం, ఆగిపోయినప్పుడు పుల్పిట్ మీదే శపించడం, రెండూ తప్పే. అంతకంటే ప్రమాదకరమైనది అభ్యర్థి ఇచ్చే "చిన్న సాయం": ప్రహరీ గోడ, మైకుసెట్టు, తివాచీలు, శ్లాబుకు సిమెంటు. ఓటు కోసం ఇచ్చే కానుక ఓటరు చేతికే అందాలని లేదు, ఇంకెవరికి ఇచ్చినా లంచమే అవుతుంది. షెడ్యూలు వచ్చిన రోజు నుంచి ఫలితాల దాకా ఏ అభ్యర్థి నుంచీ, అభ్యర్థి మనుషుల నుంచీ సంఘానికి ఏమీ తీసుకోబోమని పెద్దలు ముందే తీర్మానం రాసి పెట్టుకుంటే, తలుపు తట్టినవాళ్లకు ఆ కాగితమే చూపించవచ్చు. అప్పటికప్పుడు కాదనడం ఎవరికైనా కష్టం.

చట్టం చెప్పేది

చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదానికంటే స్పష్టంగా ఉంది. గుడి, మసీదు, చర్చి ఏదీ ఎన్నికల ప్రచార వేదిక కాకూడదని ప్రవర్తనా నియమావళి మొదటి భాగంలోనే ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి, ఆయన ఏజెంటు, లేదా వాళ్ల సమ్మతితో ఇంకొకరు మతం పేరు చెప్పి ఓటు అడిగితే ఎన్నికే రద్దు కావచ్చు. ఆ మతం అభ్యర్థిదేనా, ఓటరుది కూడానా అన్న తగువును 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో తేల్చింది: ఓటరు మతం పేరుతో అడిగినా తప్పే. 126వ సెక్షన్ చివరి 48 గంటల్లో ఎన్నికల సభల్ని నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు.

ఇవి ఎక్కువగా అభ్యర్థి చుట్టూ తిరిగేవి. కాపరికి నేరుగా తగిలేవి మరో రెండున్నాయి. ఒకటి, భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్. ఓటరుకు గానీ, అతనికి కావలసినవారికి గానీ దైవాగ్రహం తగులుతుందని నమ్మించి ఓటును మళ్లించడం అనుచిత ప్రభావం. 174 కింద ఏడాది వరకు జైలు. "ఆ గుర్తుకు వేస్తే దేవుడు మీ ఇంటి మీద నుంచి చెయ్యి తీసేస్తాడు", "మన మనిషికి వెయ్యనివాళ్లు ప్రభు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారానికి) రావద్దు" అనే మాటలు సరిగ్గా ఇవే. ప్రార్థనలో కళ్లు మూసుకుని అన్నా అంతే.

రెండోది, మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం, 1988. మత సంస్థ ఆవరణను గానీ, దాని ఆధ్వర్యంలో జరిగే ఆరాధన, పండుగ, ఊరేగింపుల్ని గానీ రాజకీయ కార్యకలాపానికి వాడనివ్వకూడదు. శిక్ష అయిదేళ్ల వరకు జైలు, ₹10,000 వరకు జరిమానా. ఇందులో సంఘ పెద్దలు గమనించాల్సిన మెలిక ఉంది: బాధ్యత మాట్లాడినవారి ఒక్కరిదే కాదు, సంస్థను నిర్వహించే ప్రతి ఒక్కరిదీ. కమిటీలో కూర్చుని మౌనంగా ఉన్న డీకను కూడా దాని పరిధిలోకి వస్తాడు. రాజకీయ కార్యకలాపానికి ఆ చట్టం ఇచ్చిన నిర్వచనం చాలా వెడల్పైనది, పార్టీ లక్ష్యాలనే కాదు రాజకీయ స్వభావం గల ప్రశ్నల్ని ప్రచారం చేయడాన్ని కూడా కలుపుకుంటుంది. కాబట్టి న్యాయం గురించి బోధించే కాపరి ఎప్పుడూ వాక్యభాగం నుంచే బయలుదేరి, పొరుగువాడి క్షేమం దగ్గరే ఆగడం ఆత్మీయంగానూ క్షేమం, చట్టపరంగానూ క్షేమం.

మరి కాపరికి పౌరుడిగా నోరు లేదా? ఉంది. 1959లో సుప్రీంకోర్టు ముందుకు పంజాబ్ కేసు ఒకటి వచ్చింది. నామ్‌ధారీ (సిక్కుల్లో ఒక శాఖ) గురువు ఒక అభ్యర్థికి ఓటు వేయాలని అనుచరులకు హుకుం జారీ చేశారు. మతగురువుకు అభ్యర్థుల మంచిచెడ్డల మీద తన అభిప్రాయం చెప్పే హక్కు ఉందని కోర్టు ఒప్పుకుంది. కానీ వినేవాడికి ఎంచుకునే వీలే లేకుండా చేసే ఆజ్ఞ అనుచిత ప్రభావమేనంది, ఆ ఎన్నికను నిలబెట్టలేదు. చేయదగినదీ చేయరానిదీ ఆ తీర్పు విడదీసిన తీరు ఈనాటికీ పనికొస్తుంది. పాస్టరుగారు టీకొట్టు దగ్గర కూర్చుని తన ఓటెవరికో చెప్పుకోవచ్చు. తెల్లంగీ వేసుకుని, చేతిలో బైబిలు పట్టుకుని, ఆశీర్వాదం ఇచ్చే నోటితో చెబితే అదే మాట వేరే వస్తువైపోతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపే వీడియోలు చూసి, అక్కడి పాస్టర్లు పేర్లు పెట్టి మాట్లాడుతుంటే ఇక్కడెందుకు కూడదని అడిగేవాళ్లున్నారు. అక్కడ 1954 నుంచి ఉన్న నిబంధన పన్ను మినహాయింపుకు సంబంధించినది. ఇక్కడివి ఎన్నికల చట్టం, శిక్షాస్మృతి. ఆ వీడియోలు మనకు కొలబద్ద కావు.

అభ్యర్థి ఆరాధనకు వస్తే? రానివ్వాలి, ఎవరినీ ఆపకూడదు. బెంచీ మీద అందరితో కూర్చోబెట్టండి. వేదిక వద్దు, శాలువా వద్దు, మైకు వద్దు, పేరు పెట్టి ప్రార్థన వద్దు. అధికారంలో ఉన్నవారందరి కోసం చేసే ప్రార్థన (మొదటి తిమోతి 2వ అధ్యాయం) పోటీలో ఉన్న అందరికీ సరిపోతుంది. రెండో అభ్యర్థి వచ్చినా మూడో అభ్యర్థి వచ్చినా అదే బెంచీ, అదే ప్రార్థన. పంచాయతీ ఎన్నికల్లో ఇది మరీ అవసరం. అక్కడ పార్టీ గుర్తులు ఉండవు గానీ, పోటీ చేసే ఇద్దరూ అదే సంఘం వాళ్లు, ఒక్కోసారి తోడికోడళ్లే కావచ్చు.

నాబోతు పొలం

న్యాయం గురించిన ప్రసంగం ఎలా ఉంటే మంచిదో ఒక వాక్యభాగం పట్టుకుని చూద్దాం. మొదటి రాజులు 21వ అధ్యాయం. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోట అడుగుతాడు, బదులుగా ఇంకా మంచి తోట గానీ డబ్బు గానీ ఇస్తానంటాడు. పితరుల స్వాస్థ్యం (వారసత్వ భూమి) ఇవ్వనంటాడు నాబోతు. రాణి యెజెబెలు అబద్ధ సాక్షుల్ని పెట్టి అతన్ని చంపిస్తుంది.

రణస్థలం మండలంలో కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రానికి, భోగాపురంలో విమానాశ్రయానికి భూములు తీసుకున్న ప్రాంతంలో, 2010 జులైలో థర్మల్ ప్లాంటుకు ఎదురు తిరిగి బీల (చిత్తడి) భూముల కోసం సోంపేటలో ప్రాణాలు పోయిన నేల మీద, ఈ కథ చదివితే ఎవరికీ వివరణ అక్కర్లేదు. వినేవాళ్లకు తమ పొలం గట్టు కనిపిస్తుంది. ఇది చదవకూడదని ఏ చట్టమూ అనదు. చదవకుండా దాటిపోయే కాపరి తన మందను చూడటం లేదన్నమాట.

కానీ ఇక్కడే ప్రసంగం దారి తప్పేది కూడా. అదే సంఘంలో పొలం పోయినవాడు ఒక బెంచీలో ఉంటే, పరిహారంతో ఇల్లు కట్టుకున్నవాడు ఇంకో బెంచీలో ఉంటాడు. ప్రాజెక్టులో డ్రైవరు పని దొరికినవాడు మూడో బెంచీలో. సర్వేకు వచ్చిన రెవెన్యూ ఉద్యోగి కూడా విశ్వాసే కావచ్చు. అహాబు అంటే ఫలానా ముఖ్యమంత్రి అనగానే వాక్యం ఆగిపోయి లెక్క మొదలవుతుంది: ఇక్కడ ఎవరెవరు ఆయన మనుషులు? అప్పటినుంచి వినేవాళ్లు దేవుణ్ణి వినరు, పక్కవాడి మొహం చూస్తారు.

కథను నెమ్మదిగా చదివితే రెండు సంగతులు కనబడతాయి. ప్రవక్త ఏలీయా ఊరివాళ్ల దగ్గరికి వెళ్లి రాజును తిట్టలేదు, నేరుగా తోటలో ఉన్న రాజు దగ్గరికే వెళ్లాడు. నాతాను ప్రవక్త కూడా దావీదు రాజు ఎదుటే నిలబడ్డాడు. ప్రవక్తల ధైర్యం ఎదురుగా మాట్లాడటంలో ఉంది. మందలో ఉన్న కూలివాళ్ల ముందు అక్కడ లేని మంత్రిని తూలనాడటానికి అంత ధైర్యం అక్కర్లేదు. ఇంకొకటి, నాబోతును చంపించడానికి యెజెబెలు వాడుకున్నది ఏమిటి? ఉపవాస దినం చాటించమంది. భక్తి కూడికను పిలిచి, దాన్నే రాజ్యం పనికి ఉపయోగించుకుంది. భూమి లాక్కోవడం, ఆరాధనను వాడుకోవడం రెండూ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయి. అధికారాన్ని ప్రశ్నించాలని ఈ వాక్యం ఎత్తుకునే కాపరి, రెండో హెచ్చరిక తనకేనని గుర్తించాలి.

నలభై నిమిషాల ప్రసంగమైతే సగం కథకు, దాని కాలానికి ఇవ్వాలి. పది నిమిషాలు వినేవాళ్ల మనస్సాక్షికి: గట్టు జరిపినవాళ్లు, అక్కచెల్లెళ్ల వాటా మింగినవాళ్లు, కూలీకి ఎగ్గొట్టినవాళ్లు సంఘంలోనూ ఉంటారు. మిగిలినది నష్టపోయినవారి కోసం ప్రార్థనకు, తోడు నిలబడటానికి. వార్తాపత్రిక సంగతులు పది నిమిషాలు దాటి వాక్యభాగానికి తిరిగి రాలేదంటే అది ఉపన్యాసంగా మారిపోయిందని పెద్దలు పసిగట్టాలి. పరిహారం ఎంత ఉండాలి, ప్లాంటు రావాలా వద్దా అన్నవి బుధవారం కూడికకు వదిలేయండి. అక్కడ బల్లలు గుండ్రంగా వేసి, మొదట నష్టపోయినవారిని, తర్వాత లాభపడ్డవారిని, అందరికంటే చివర పాస్టరుగారిని మాట్లాడమనండి. వరుస తిరగబడితే పాస్టరుగారి మాట తర్వాత ఎవరూ నోరు విప్పరు.

ఆ కూడికలో పనికొచ్చే సమాచారం ఉండాలి. 2013 భూసేకరణ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా అభ్యంతరాన్ని కలెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవాలి. అర్జీ రైతు పేరుతో, సర్వే నంబరుతో వెళ్లాలి. సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్తే భూమి గొడవ మతం గొడవగా మారిపోవడానికి ఒక్క రోజు చాలు. అరవై రోజుల గడువు గురించి చెప్పకుండా నాలుగు ఆదివారాలు ఆవేశంగా ప్రసంగిస్తే, రైతు ఆమెన్ అంటూ గడువు పోగొట్టుకుంటాడు.

కులం, సర్టిఫికెట్, కెమెరా

ఉత్తరాంధ్ర సంఘాల్లో అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ఇది. 2025 ఏప్రిల్‌లో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌లో రెల్లి తదితర కులాల వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5. పట్టణ సంఘాల్లో మాల, రెల్లి కుటుంబాలు ఒకే రొట్టె విరుచుకుంటాయి. వర్గీకరణ న్యాయమని ప్రసంగిస్తే ఒకరికి, అన్యాయమని ప్రసంగిస్తే ఇంకొకరికి తమ పిల్లవాడి ఉద్యోగం కళ్ల ముందు మెదులుతుంది. దీన్ని పుల్పిట్ మీద తేల్చే అధికారం ఏ కాపరికీ వాక్యం ఇవ్వలేదు. ఆయన చెప్పగలిగినది, చెప్పి తీరాల్సినది వేరే ఉంది: ఈ సంఘంలో పెళ్లి సంబంధాల్లో, పెద్దల ఎంపికలో, ప్రభు బల్ల దగ్గర గిన్నె అందే వరుసలో కులం పనిచేస్తోందా? అది విధానం ప్రశ్న కాదు, పాపం ప్రశ్న. దాని గురించి ఎంత ఘాటుగా మాట్లాడినా తప్పులేదు.

రెండోది కుల సర్టిఫికెట్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులైన దళితులు రాష్ట్రంలో బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. వారిని ఎస్సీల్లో చేర్చాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. కాబట్టి సవర, జాతాపు గిరిజన విశ్వాసుల స్థితి వేరు. ఇంత చిక్కుముడి ఉన్న విషయం మీద ఆవేశపడి, "మీలో ఎంతమంది కాగితం మీద ఒకటి, గుండెలో ఒకటి?" అని మైకులో అడిగితే, ఆ వీడియో యూట్యూబ్‌లో ఉంటుంది, ముందు వరుసలో కూర్చున్నవాళ్ల మొహాలతో సహా. ఒక కుటుంబం ఉద్యోగం, చదువు దాని మీద ఆధారపడి ఉండొచ్చు. సత్యం బోధించాలి, నిజమే. ఒక్కో ఇంటి కాగితాల సంగతి మాత్రం లాయరు దగ్గర, తలుపు మూసుకుని మాట్లాడుకోవాలి.

రికార్డింగ్ గురించి పెద్దలు మూడు నియమాలు పెట్టుకుంటే చాలు. వివాదం ఉన్న అంశం మీద ప్రసంగమైతే లైవ్ వద్దు. కెమెరా ఎప్పుడూ వేదిక వైపే, సభ వైపు తిరగకూడదు. పూర్తి ఆడియోను తేదీ వేసి భద్రపరచాలి, గొడవ వచ్చాక చెరిపేయకూడదు. ముప్పై సెకన్ల ముక్క వాట్సాప్‌లో తిరుగుతున్నప్పుడు కాపరిని కాపాడగలిగేది ఆ నలభై నిమిషాల ఆడియో ఒక్కటే.

ఇంట్లో

పదేళ్ల లోపు పిల్లలకు విధానం అర్థం కాదు, భయం అర్థమవుతుంది. "వాళ్లు గెలిస్తే మన మందిరాలు ఉండవు" అన్న మాట పెద్దవాళ్లకు వాదన, పిల్లకు ఆ రాత్రి నిద్ర లేకపోవడం. సోమవారం అదే మాట బడిలో పక్కన కూర్చున్న హిందూ స్నేహితురాలితో అంటుంది. కాబట్టి బరువైన అంశం ఉంటే ముందటి ఆదివారమే ప్రకటించాలి, ఆ రోజు సండే స్కూలు ప్రసంగం అయ్యేదాకా నడపాలి. ప్రకటన లేకుండా జరిగిపోతే ఇంటికొచ్చాక అన్నం దగ్గర తల్లిదండ్రులు అడగాల్సింది, "అయ్యగారు చెప్పింది నిజమా కాదా" అని కాదు. "నీకేం అర్థమైంది?" అని అడిగి విని, భయపెట్టినదేదో కనుక్కుని, దాన్ని ముందు తీర్చాలి.

పన్నెండు, పదమూడేళ్లు దాటినవాళ్లతో బైబిలు తెరవొచ్చు. అపొస్తలుల కార్యములు 17లో బెరయవాళ్లు పౌలు చెప్పినది అలాగే ఉందా లేదా అని లేఖనాలు పరిశోధించారు, దానికి వాళ్లకు మెప్పే దక్కింది. ఆదివారం విన్న దాంట్లో వాక్యంలో ఉన్నదేది, పాస్టరుగారి అన్వయం ఏది, ఆయన మన నుంచి కోరినదేది, మూడూ విడదీయమనండి. అమ్మానాన్నల ఓట్లు వేరైతే ఆ సంగతి పిల్లల ముందు దాచక్కర్లేదు. భిన్నంగా ఓటు వేసిన ఇద్దరు ఒకే కంచం పంచుకోవడం చూస్తే పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

ఇంట్లో ఒక్కరే విశ్వాసిగా ఉన్న కుటుంబాల గురించి కాపరులు ప్రత్యేకంగా ఆలోచించాలి. అత్తమామలు అమ్మవారికి మొక్కుతారు, పైడితల్లి సిరిమానుకు ఇల్లంతా వెళ్తుంది, కోడలు ఆదివారం మందిరానికి వస్తుంది. ఇరుగుపొరుగు మతాన్ని శత్రువుగా చూపే ఒక్క ప్రసంగం క్లిప్పై ఆ ఇంటి ఫోనులోకి చేరితే, మరుసటి ఆదివారం ఆమెకు గడప దాటే దారి ఉండదు. మైకు ముందు నిలబడ్డవారికి ఆమె మొహం గుర్తుండాలి.

అయ్యగారితో మాట్లాడటం

ఓటు చెప్పారు, లేదా శాపం పెట్టారు, లేదా ఇంకో కులాన్నో మతాన్నో కించపరిచారు. ఏం చేయాలి? అదే రోజు ఏమీ చేయకండి. విన్నది విన్నట్టు రాసి పెట్టుకోండి: వాక్యభాగం, అన్న మాట, సందర్భం. మంగళవారమో బుధవారమో భార్యాభర్తలిద్దరే వెళ్లండి, పదిమంది వెళ్తే ఆయన జవాబు చెప్పరు, ఆత్మరక్షణ చేసుకుంటారు. "అయ్యగారూ, ఆదివారం ఒక మాట మాకు బరువుగా తగిలింది. మేం సరిగా విన్నామో లేదో అడుగుదామని వచ్చాం" అని మొదలుపెట్టవచ్చు. తర్వాత రాసుకున్నది చదివి వినిపించి, ఆ మాట వాక్యభాగంలో ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. చాలాసార్లు ఆవేశంలో వచ్చిందని ఆయనే ఒప్పుకుంటారు. అప్పుడు వచ్చే ఆదివారం ఒక్క మాటలో సవరించమని కోరండి. ఆయన మీతో ఏకాంతంలో క్షమాపణ చెప్పినా, సభలో విన్న మిగతావాళ్లకు ఆ సవరణ అందాలి.

ఒప్పుకోకపోతే మత్తయి 18లోని వరుస ఉంది: ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్లడం, ఆ తర్వాత సంఘం. పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని మొదటి తిమోతి 5 కూడా అంటుంది. ఆ ఇద్దరిలో ఒకరైనా మీ పార్టీ కానివాళ్లయితే మీ మాటకు బలం. వాట్సాప్ గ్రూపులో ఒక్క అక్షరం కూడా రాయకండి. డబ్బు పంచడం, ఓటుకు శాపం ముడిపెట్టడం లాంటివి ఎన్నికల వేళ జరిగితే మాత్రం ఈ వరుస కోసం ఆగనక్కర్లేదు. ఎన్నికల సంఘం సి-విజిల్ యాప్‌లో ఫొటోతోనో వీడియోతోనో ఫిర్యాదు చేస్తే 100 నిమిషాల్లో చర్య తీసుకునే ఏర్పాటు ఉంది. కానుక ఆపేయడం మొదటి ఆయుధం కాకూడదు. అది ముందుగా తాకేది వాచ్‌మన్ జీతాన్ని, విధవరాళ్ల సాయాన్ని.

అన్నీ చేశాక కూడా ప్రతి ఎన్నికకూ పుల్పిట్ పార్టీ ఆఫీసులాగే నడుస్తుంటే, ఆ సంఘం విడిచి వెళ్లడం తప్పు కాదు. ఎన్నికల వేడిలో కాదు, ఫలితాలొచ్చి రెండు నెలలు గడిచాక నిర్ణయించుకోండి. పిల్లల్ని ముందు అడగండి. వాళ్ల స్నేహాలు, పాటల గుంపు అక్కడే ఉంటాయి. వెళ్లే ముందు సభ్యత్వ బదిలీ ఉత్తరం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, పిల్లల బాప్తిస్మం లేదా ప్రతిష్ఠ నమోదు నకలు కూడా. కొత్త సంఘంలో పెళ్లి జరిపించే పాస్టరుకు 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉందో లేదో కనుక్కోండి. సమాధుల తోట పాత సంఘానిదైతే, తల్లిదండ్రుల పక్కన చోటు విషయంలో సంఘ నియమం ఏమిటో పెద్దల్ని అడిగి, వాళ్లిచ్చిన జవాబు కాగితం మీద తీసుకోండి.